ఎడమ ముందు చక్రం

ఆదివారం ఉదయం షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నా లోపల ఒక్క ఇంజను కూడా మోగడం లేదు. ఐదుగురు మనుషులు ఒక తెల్ల కారు చుట్టూ చేరి, ఎవరికో నిద్రాభంగం అవుతుందన్నట్టు గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ముప్పై నాలుగేళ్ల నాటి బీఎండబ్ల్యూ అది, రెండు తలుపుల బండి. ఎడమ ముందు రెక్క లోపలికి నొక్కుకుపోయింది. ఆ పక్క గుండ్రటి దీపాలు రెండూ గాజు రాలి బోసిగా ఉన్నాయి. చక్రం కాలు మడతపడిన మనిషిలా పక్కకి ఒరిగిపోయి ఉంది.

బండి ఎక్స్‌రే బావమరిదిది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం కాబట్టి షెడ్డులో అందరూ అతన్ని ఎక్స్‌రే అనే పిలుస్తారు. పైకి కనబడని లోపాన్ని చెవితో విని, వేలితో తడిమి పట్టేస్తాడని ఆ పేరుకి ఇంకో అర్థం కూడా చెప్పుకుంటారు. పాత బీఎండబ్ల్యూలంటే పడిచచ్చే ఈ ఐదుగురూ కలిసి ఊరి చివర ఈ షెడ్డు తీసుకున్న నాటినుంచీ, ఎవరి బండికి ఏం మార్చినా చివరి బిగింపు అతని చేతి మీదుగా జరగాల్సిందే.

బావమరిది ఎడమ చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

“ఎంత స్పీడులో ఉన్నావు?” అని టీచరు నాలుగోసారి అడిగాడు. బడిలో లెక్కలు చెప్పే ఆయనకి పక్కనే నిలిపి ఉన్న పచ్చ కారు ప్రాణం.

“యాభై కూడా లేదు సార్. వంతెన దిగుతున్నాను. ముందు లారీ ఆగింది. బ్రేకు మీద కాలు వేశాను, అంతే. టక్కుమని చప్పుడు. చక్రం రాయిలా బిగుసుకుపోయింది. ఆ తరవాత గోడే కనిపించింది.”

“గోడకేం కాలేదు కదా? దానికీ ఫొటో తీయించావా?” అన్నాడు పళ్ల డాక్టరు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన తన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

రైల్వేలో పెద్ద పదవి చేసి దిగిన చైర్మన్ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. షెడ్డుకి ఎన్నిక అంటూ ఏమీ జరగలేదు కానీ ఆయనే చైర్మన్. రుమాలులో బొటనవేలంత ఇనుపముక్క ఉంది.

“ఇదిగో నేరస్తుడు. రిమ్ములో ఇరుక్కుని దొరికింది.”

మూడు నెలల కిందట తెల్ల కారుకి పెద్ద బ్రేకులు వేశారు. పెద్ద మోడలు బండి బ్రేకుల్ని చిన్న బండికి అతికించాలంటే మధ్యలో ఒక ఇనుప బ్రాకెట్టు కావాలి. అలాంటివి ఎక్కడా దొరకవు. కొలతలిచ్చి, ఇనుము తరిచే లేతు మేస్త్రీ చేత చేయించుకోవాలి. ఇప్పుడు ఎడమ పక్క బ్రాకెట్టుకి బోల్టు పట్టే చెవి విరిగి, బ్రేకు మొత్తం తిరిగిపోయి రిమ్ములో ఇరుక్కుంది. చూసినవాళ్లందరికీ అర్థమైంది అదే.

మేస్త్రీకి చైర్మనే కబురు పెట్టాడు. ఆయన మోపెడ్ మీద వచ్చి, బండి బయటే ఆపి, గుమ్మంలో నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. చొక్కా జేబులో గుడ్డలో చుట్టిన వెర్నియర్, మందాలు కొలిచే పరికరం, ఉంది. ఆయన ముందు కారు వైపు కాదు, కుర్చీ వైపు చూశాడు.

“దెబ్బ గట్టిగా తగిలిందా బాబూ?”

“అది తరవాత. ఏం ఇనుము వాడావు మేస్త్రీ?” అన్నాడు చైర్మన్.

“ఎప్పుడూ వాడేదే సార్. మీ అందరి బళ్లకీ అదే.”

“మరి విరిగిందేం?”

“ఒకసారి ఆ ముక్క నా చేతికివ్వండి. చూసి చెప్తాను.”

చైర్మన్ రుమాలు మడిచేశాడు. “నువ్వు చూసి ఏం చెప్తావు? నీ పనికి నువ్వే తీర్పు చెప్పుకుంటావా?”

మేస్త్రీ చాచిన చెయ్యి అలాగే ఉంచి ఎక్స్‌రే వైపు తిరిగాడు. “బాబూ, మీరైనా ఇప్పించండి.”

ఆ బ్రాకెట్టుకి కొలతలు గీసిచ్చింది ఎక్స్‌రే. లేతు దగ్గర నిలబడి చేయించింది, కారుకి బిగించింది కూడా అతనే. ఇవ్వండి సార్, చూడనివ్వండి అంటే చైర్మన్ కాదనేవాడు కాదు. అతను నోరు తెరిచాడు కూడా.

ఈలోగా బావమరిది అందుకున్నాడు. “ఇంకేం చూస్తావయ్యా? నా భుజం ఎముక చూడు, రెండు ముక్కలైంది. అది చాలదా నీకు?”

ఎక్స్‌రే వంగి, గాలి ఉందో లేదో చూస్తున్నట్టు టైరు నొక్కాడు.

మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకుని, జేబులో వెర్నియర్ సరిగ్గా ఉందో లేదో ఒకసారి తడుముకుని, “సరే సార్” అని వెళ్లిపోయాడు. మోపెడ్ ఒక పట్టాన స్టార్ట్ కాలేదు. 

“ఇక మన పని ఏదీ అతని దగ్గరికి వెళ్లదు,” అన్నాడు చైర్మన్.

“నా ఇంజను హెడ్డు అక్కడే ఉంది,” అన్నాడు టీచరు.

“రేపే తెచ్చేసుకో.” రుమాలు పనిబల్ల మీద పెట్టి, ఎక్స్‌రే భుజం తట్టాడు. “బిగించింది నువ్వే కాబట్టి విప్పేదీ నువ్వే. ఇంకేం పాడైందో చూడు.”

* * *

మధ్యాహ్నానికి అందరూ ఇళ్లకి వెళ్లాక అతను ఒక్కడే మిగిలాడు. జాకీతో ముందు భాగం ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, బండిని రెండు చేతులతో కుదిపి చూసుకున్నాడు. కదల్లేదు. చక్రం బోల్టులన్నీ తీసి ఒక డబ్బా మూతలో వరసగా పేర్చుకున్నాడు. చక్రం ఊడి రానంది. రిమ్ము లోపలి అంచున బ్రేకు గీరిన గాడి గోటి లోతున పడి ఉంది. చివరికి గూటంతో నాలుగు దెబ్బలు వేస్తే వచ్చింది.

అలవాటు ప్రకారం ముందు కుడి పక్క చూసుకున్నాడు. పాడైనదాన్ని చూసేముందు బాగున్నదాన్ని చూడాలని షెడ్డులో అందరికీ చెప్పేది అతనే. కుడి పక్క బ్రాకెట్టుకి బోల్టులు రెండు. రెండింటి తలల మీదా పసుప్పచ్చ పెయింటుతో సన్నని గీత. బోల్టు తల మీద మొదలై బ్రాకెట్టు మీదకి సాగి ఆగిపోతుంది. ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచిని నూట పది దగ్గర పెట్టి, అది టిక్కుమనేదాకా బిగించి, ఆ వెంటనే గీసే గీత అది. బోల్టు వెంట్రుకవాసి వదులైనా గీత రెండు ముక్కలై కనబడిపోతుంది. టిక్కుమంటేనే గీత. గీత పడితేనే చక్రం ఎక్కుతుంది. పదిహేనేళ్లుగా అతనిది అదే వరస.

ఎడమ పక్కకి వచ్చాడు. కింది బోల్టు ఉంది. బ్రాకెట్టు మెలి తిరగడంతో గీత విడిపోయింది కానీ సగం తల మీదా సగం ఇనుము మీదా ఉంది. పై బోల్టు లేదు. దాని కన్నంలోకి టార్చి వేసి చూశాడు. లోపలి మరలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. బ్రాకెట్టు విరిగి ఆ విసురుకి బోల్టు ఊడి ఉంటే మరలు చెక్కుకుపోవాలి. విడి సామాను డబ్బాలోంచి అదే సైజు బోల్టు ఒకటి తీసి వేళ్లతో తిప్పాడు. వెన్నలో దిగినట్టు చివరిదాకా దిగింది.

 అతను లేచి, చేతులు తుడుచుకుని, బల్ల మీది రుమాలు విప్పాడు. విరిగిన చెవి ముక్కని గుడ్డతో తుడిచాడు. స్పిరిటు పోసి మళ్లీ తుడిచాడు. బోల్టు తల ఆనాల్సిన చోట ఇనుము రాసుకుని రాసుకుని అద్దంలా నునుపు తేలింది. ఎన్నో రోజులు వదులుగా కొట్టుకున్న ఇనుము అది. పసుప్పచ్చ గీత తాలూకు చుక్క కూడా దాని మీద లేదు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. గీత ఎప్పుడూ పడలేదు. అంటే రెంచి ఆ బోల్టు మీద టిక్కుమనలేదు. తనే వేళ్లతో తిప్పి వదిలేశాడు. చెవి విరగడం వల్ల బ్రేకు తిరగలేదు. బోల్టు రాలిపోయి, బ్రేకు తిరిగి, రిమ్ముకి కొట్టుకుని, ఆ తరవాత చెవి విరిగింది.

బ్రేకులు బిగించిన ఆ సాయంత్రం గుర్తొచ్చింది. కింది బోల్టు బిగించి గీత గీశాడు. తన ఇంజనులో ఏదో చప్పుడు వస్తోంది, ఒక్కసారి వచ్చి విని పొమ్మని చైర్మన్ పిలిచాడు. వెళ్లి విన్నాడు. బెల్టు అరుపని చెప్పాడు. తిరిగొచ్చి చక్రం ఎక్కించాడు.

ముక్కని మళ్లీ రుమాలులో చుట్టాడు. చైర్మన్ పెట్టిన చోటే పెట్టబోయి, ఆగి, తన జేబులో వేసుకున్నాడు.

* * *

సోమవారం ఆసుపత్రిలో ఒక ముసలామె మణికట్టు ఫొటో తీశాడు. పడిపోతూ చెయ్యి ఆనించిందట. తెర మీద ఎముక చివర పగులు స్పష్టంగా కనబడుతోంది. “విరిగిందా నాయనా?” అని ఆమె అడిగింది. “డాక్టరు గారు చెప్తారమ్మా,” అన్నాడు. ఇరవై రెండేళ్లుగా రోజుకి ఇరవైసార్లు చెప్పే మాటే అది. అలా చెప్పడమే అక్కడి నియమం. ఆ రోజు మాత్రం చెప్పాక తెర వైపు ఇంకోసారి చూశాడు.

డ్యూటీ దిగి లేతు షాపుకి వెళ్లాడు. తాళాలు బాగుచేసే కొట్టుకీ సైకిలు షాపుకీ మధ్య ఇరుకు గది అది. గుమ్మం దగ్గర టీచరు, మేస్త్రీ భార్య కలిసి దుప్పటిలో చుట్టిన ఇంజను హెడ్డుని ఆటోలోకి ఎక్కిస్తున్నారు. టీచరు ఎక్స్‌రేని చూసి తలూపి, ఆమెని మాత్రం చూడకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

“రా తమ్ముడూ. నీ సామాను కూడా ఏమైనా ఉందా?” అంది ఆమె. దెప్పుతున్నట్టు లేదు. నిజంగానే అడిగింది.

“లేదక్కా. ఊరికే వచ్చాను.”

లోపల లేతు ఆగిపోయి ఉంది. మేస్త్రీ మూలనున్న పట్టుడు దవడల మధ్య వేలెడు మందం ఇనుప పట్టీని బిగించి సుత్తితో కొడుతున్నాడు. పట్టీ వంగుతోంది. ఇటు తిప్పి కొట్టాడు. అటు వంగింది. మళ్లీ తిప్పాడు. చొక్కా వీపంతా చెమటకి అంటుకుపోయింది.

“నిన్నటినుంచీ అదే పని,” అంది ఆమె. “మీ కారుకి చేసిన ఇనుములో మిగిలిన ముక్కట. విరుగుతుందేమో చూస్తానంటాడు. అది విరగదు, ఈయన మానడు. అన్నం దగ్గర కూడా అదే మాట. చెయ్యి వణికిందేమో, కన్ను తప్పిందేమో అని. లేతు ఎవరైనా తీసుకుంటారేమో కనుక్కోమని తాళాలాయనకి చెప్పాడు పొద్దున.”

మేస్త్రీ సుత్తి కింద పెట్టి వచ్చాడు. నేల మీద సుద్దముక్కతో బ్రాకెట్టు బొమ్మ గీశాడు. ఒక్కొక్క కొలతా పక్కన వేసుకుంటూ గీసి, మూల దగ్గర వేలు పెట్టాడు.

“ఇక్కడ గుండ్రం తక్కువైందంటారా బాబూ? మూల పదునుగా ఉంటే అక్కడే చీలుతుంది. నేను గుండ్రంగానే తీశాననుకుంటున్నాను. అయినా ముక్క చూడందే ఎలా తెలుస్తుంది? మీరు విప్పారా? ఏమైనా కనబడిందా?”

ఆ ముక్క అప్పుడు అతని ప్యాంటు జేబులో తొడకి ఒత్తుకుంటూ ఉంది.

“ఇంకా విప్పలేదు,” అన్నాడు ఎక్స్‌రే.

“విప్పాక చూడండి. తప్పు నాదే అయితే నాకు చెప్పండి, మొహమాటపడకండి. తెలిస్తే ఇంకోసారి చెయ్యను కదా.” ఆ మాట అని, ఇంకోసారి అంటూ ఒకటి ఉండకపోవచ్చని గుర్తొచ్చిందేమో, కాలితో సుద్ద బొమ్మని చెరిపేశాడు.

* * *

బుధవారం సాయంత్రం ఎక్స్‌రే భార్య భోజనాల బల్ల మీద పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంటోంది. ఎదురుగా కూర్చుని, ముక్కని బల్ల మీద పెట్టి, మొత్తం చెప్పాడు. గీత సంగతి చెప్పాడు, మరల సంగతి చెప్పాడు, మేస్త్రీతో అబద్ధమాడిన సంగతీ చెప్పాడు. ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టలేదు. కాగితం మీద ఒకచోట ఆనించి అలాగే ఉంచేసింది. అక్కడ సిరా చుక్క పెద్దదైంది.

“వాడు మా ఇంటికి ఒక్కడే మగపిల్లాడు,” అంది చివరికి. “ఆ గోడ అవతల ఏముందో తెలుసా మీకు? నేను వెళ్లి చూసొచ్చాను. కాలవ.”

“తెలుసు.”

“ఆ రోజు వాడి ఎముకకి ఫొటో తీసిన చెయ్యి కూడా మీదే.”

 ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పింది. గిన్నె ఏదీ కడుగుతున్న చప్పుడు లేదు, ఉత్త నీళ్లే పోతున్నాయి. తిరిగొచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది.

“నాలుగు రోజులుగా అన్నం కెలికి లేస్తుంటే, కారు పోయిందన్న బెంగ అనుకున్నాను. పిచ్చిదాన్ని. వాడికి నేను చెప్పను. మీరే చెప్పాలి. ఆ ముసలాయనకి కూడా.”

“చెప్తాను.”

“ఎప్పుడు?”

అతను చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

రెండు వీధుల అవతలే బావమరిది ఉండేది. మంచం మీద దిండ్లకి ఆనుకుని, ఒంటిచేత్తో పాత కార్ల పుస్తకం తిప్పుతున్నాడు. బావ మొత్తం చెప్పడం అయ్యాక చిన్నగా నవ్వాడు.

“అంటే నన్ను గోడకి కొట్టింది నువ్వా బావా?”

“నేనే రా.”

నవ్వు అక్కడే ఆగిపోయింది. పుస్తకం మూసి పక్కన పెట్టాడు. “ఇంకెవరికి తెలుసు?”

“మీ అక్కకి.”

“అయితే అక్కడితో ఆపెయ్. ఆ ముక్క ఎక్కడైనా పారెయ్. నువ్వు బిగించావంటే షెడ్డులో ఎవరూ మళ్లీ తిరిగి చూసుకోరు. ఇది తెలిసిందంటే ఒక్కడు కూడా నిన్ను తన బండి మీద చెయ్యి వెయ్యనివ్వడు. పదిహేనేళ్లు, బావా! మేస్త్రీ అంటావా, బయటి మనిషి. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు.”

“ఆయన మర్చిపోడు. లేతు అమ్మేస్తున్నాడు.”

బావమరిది గోడ వైపు తల తిప్పుకున్నాడు. “మరి నన్నెందుకు అడుగుతున్నావు?”

“అడగడానికి రాలేదు రా. చెప్పడానికి వచ్చాను.”

బయట ఎవరో స్కూటరు కడుగుతున్నారు. బకెట్టులో మగ్గు ముంచి పోస్తున్న చప్పుడు వినబడుతోంది. 

“వస్తూనే ఆయన కారుని చూడలేదు,” అన్నాడు, గోడతో చెబుతున్నట్టు. “దెబ్బ గట్టిగా తగిలిందా బాబూ అన్నాడు. నేనేమన్నాను బావా?”

* * *

శుక్రవారం లేతు షాపులో మేస్త్రీ ఆ ముక్కని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు. వెర్నియర్ గుడ్డ విప్పి మందం కొలిచాడు. కన్నం కొలిచాడు. మూల దగ్గర గోటితో గీరాడు. రాసుకుని నునుపు తేలిన చోట బొటనవేలు పెట్టి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా తిప్పాడు.

“బోల్టు వదులు,” అన్నాడు. ఎక్స్‌రే ఇంకా ఏమీ చెప్పలేదు.

“బిగించలేదు మేస్త్రీ. నేనే మర్చిపోయాను. మీ పనిలో తప్పు లేదు.”

మేస్త్రీ భార్య ఆకురాయి పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆమె మొహంలోకి వచ్చిన వెలుగు ఎంతోసేపు నిలవలేదు. భర్త మొహం చూసి మళ్లీ కూర్చుంది.

“ఎప్పుడు చూశారు ఇది?” అన్నాడు మేస్త్రీ.

“ఆదివారం మధ్యాహ్నం.”

మేస్త్రీ తలూపాడు. ముక్కని ఎక్స్‌రేకి తిరిగిచ్చి, వెర్నియర్‌ని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. 

“బోల్టు మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది బాబూ. నలభై ఏళ్లలో నేనూ ఎన్నో మర్చిపోయాను. ఒకసారి లేతు పట్టుడు బిగించే తాళంచెవి తీయకుండా తిప్పాను, అది ఎగిరొచ్చి ఇదిగో ఈ పన్ను పోయింది. అది వేరు. ఆదివారం అందరి ముందూ ముక్క అడిగాను. మీరు టైరు చూసుకున్నారు. సోమవారం మిమ్మల్నే నేరుగా అడిగాను. విప్పలేదన్నారు. అవి మరుపు కాదు కదా.”

“కాదు.”

“ఐదు రాత్రులు నా చేతుల్ని నేనే నమ్మలేదు.” రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు. అవి వణకడం లేదు. “ఈ వయసులో అలాంటి అనుమానం ఒకసారి వచ్చిందంటే మీరొచ్చి కాదన్నంతలో పోదు.”

ఎక్స్‌రే క్షమించమని అడగాలనుకుని వచ్చాడు. ఆ మాట ఇప్పుడు చాలా చిన్నదిగా అనిపించింది.

“ఆదివారం షెడ్డుకి రండి. అందరి ముందూ చెప్తాను,” అన్నాడు.

“మీరు చెప్పేది నేను విన్నాను. వాళ్లకి చెప్పేటప్పుడు నేనెందుకు?” మేస్త్రీ లేతు స్విచ్చి వేశాడు. మోటారు చప్పుడులో ఇక మాటలు వినబడే వీలు లేకపోయింది.

* * *

ఆదివారం చైర్మన్ ఇంకా కారు తాళం తీయకముందే ఎక్స్‌రే బల్ల దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు.   విప్పిన బ్రాకెట్టు రెండు ముక్కలూ, కింది బోల్టూ బల్ల మీద పరిచి, ఏది ముందు జరిగిందో ఏది తరవాతో వేలితో చూపించాడు. చెప్పడం అయ్యాక అవి అక్కడే వదిలి, రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఇదంతా ఇప్పుడు అవసరమా?” అన్నాడు చైర్మన్. “నువ్వూ నేనూ విడిగా మాట్లాడుకునేవాళ్లం.”

“మేస్త్రీని అన్నది అందరి ముందూ కదా సార్.”

చైర్మన్ మొహం ఎర్రబడింది. ఆ సాయంత్రం తన ఇంజను చప్పుడు వినడానికి పిలిచింది ఆయనకి గుర్తొచ్చిందో లేదో తెలియదు. ఎక్స్‌రే ఆ సంగతి ఎత్తలేదు.

 టీచరు వెళ్లి జాకీ అందుకున్నాడు. పచ్చ కారు ముందు భాగం ఎత్తి, టార్చి పట్టుకుని కిందికి దూరాడు. పచ్చ కారు ముందు చక్రాల్ని బండికి పట్టి ఉంచే ఇనుప చేతులన్నీ నిరుడు మార్చింది ఎక్స్‌రేనే. అది చూసి పళ్ల డాక్టరు కూడా కోటు తీసి తన బండి దగ్గరికి నడిచాడు. చైర్మన్ కాస్త తటపటాయించి, మోకాళ్లు పట్టుకుంటూ వంగి, తన కారు కింద అట్టముక్క పరుచుకున్నాడు. మూడు బళ్ల కిందినుంచి మూడు జతల కాళ్లు బయటికి కనబడుతున్నాయి. రెంచి చప్పుళ్లు ఒకదాని తరవాత ఒకటి వినబడుతున్నాయి. 

“ఇది బిగువే,” అన్నాడు పళ్ల డాక్టరు, కిందినుంచి.

కొంతసేపటికి, “ఇదీ బిగువే,” అన్నాడు టీచరు.

వాళ్లు ఆ మాట సంతోషంగానే అంటున్నారు. అయినా ఒక్కరూ చూడటం ఆపలేదు. చివరి బోల్టుదాకా అందరూ చూసుకున్నారు. ఎక్స్‌రే తెల్ల కారు పక్కన నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాడు.

అప్పుడు బయట మోపెడ్ ఆగింది. వెనక సీటు మీద, కట్టు కట్టిన చెయ్యి పొట్టకి ఆనించుకుని బావమరిది కూర్చున్నాడు. పొద్దున్నే లేచి నడుచుకుంటూ లేతు షాపుకి వెళ్లాడట. అక్కడ ఏమన్నాడో, మేస్త్రీ ఏమన్నాడో ఆ తరవాత కూడా ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

మేస్త్రీ మోపెడ్ ముందు బుట్టలో గోనెసంచి ఉంది. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చైర్మన్ కారు కిందినుంచి లేచొచ్చాడు. వీపంతా దుమ్ము. బల్ల మీది విరిగిన ముక్క తీసుకుని, గుమ్మందాకా నడిచి వెళ్లి, చెయ్యి చాపాడు.

“మేస్త్రీ... మొన్న అడిగావు కదా. ఇదిగో.”

“చూశాను సార్,” అన్నాడు మేస్త్రీ. అయినా తీసుకున్నాడు. తీసుకుని, బాకీ ఏమీ లేదన్నట్టు మళ్లీ చైర్మన్ అరచేతిలోనే పెట్టేశాడు.

“లోపలికి రండి,” అన్నాడు చైర్మన్. ఆయన మేస్త్రీని మీరు అనడం అందరూ అదే మొదటిసారి వినడం.

మేస్త్రీ వచ్చి తెల్ల కారు ఎడమ పక్కన గొంతుక్కూర్చున్నాడు. వంగిపోయిన ఇనుముని కిందినుంచి పైదాకా తడిమాడు. గోనెసంచి విప్పి కొత్త బ్రాకెట్టు తీశాడు. అంచులన్నీ ఆకురాయితో నునుపు చేసి ఉన్నాయి. దాన్ని కన్నాలకి ఎదురుగా పెట్టి చూశాడు. ఒక వెంట్రుకవాసి తేడా ఉంది. చక్రాన్ని మోసే ఇనుమే దెబ్బకి వంగింది.

“దీన్ని దించి సరిచెయ్యాలి. బరువు. ఒకళ్లు పట్టుకోవాలి,” అన్నాడు.

టీచరు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. పళ్ల డాక్టరు కూడా వచ్చాడు. ఎక్స్‌రే వాళ్లకి దారి ఇస్తూ పక్కకి తప్పుకున్నాడు. ఇకమీదట తన చోటు అదేనని అతనికి అర్థమైంది. అది అన్యాయమని అనిపించలేదు.

“మీరు కాదు సార్,” అన్నాడు మేస్త్రీ తల తిప్పకుండానే. “ఆయన్ని రమ్మనండి.”

బావమరిది బాగున్న చేత్తో బావ వీపు మీద నెట్టాడు.

ఎక్స్‌రే వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మేస్త్రీ అతని మొహం చూడలేదు. అతని మణికట్టు పట్టుకుని, ఎక్కడ చెయ్యి వెయ్యాలో అక్కడ ఆనించి, రెండో చెయ్యి కిందికి జరిపాడు. ఆయన వేళ్లు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

“ఈ పక్క పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలకండి.”

పైన నట్టు ఊడింది. బరువంతా ఒక్కసారిగా అతని చేతుల్లోకి దిగింది. భుజాలు లాగాయి. మేస్త్రీ తొందరపడలేదు. తల వంచి, ఒక్కొక్క బోల్టే విప్పి పక్కన పెట్టుకుంటూ, ఎంతసేపటికీ ఏమీ చెప్పలేదు. అతను పట్టుకునే ఉన్నాడు.